సీసాకి యాభై గుడ్లు

మా ల్యాబుకి అందరికంటే ముందు వచ్చేది వంటక్క. తలుపు తాళం తీసి, చెప్పులు ఓ మూల విడిచి, పెద్ద డెకిసా పొయ్యి మీదకి ఎక్కించి, అందులో నీళ్ళు, మొక్కజొన్న పిండి, పంచదార, ఈస్టు, అగార్ పొడి వేసి కలపడం మొదలుపెట్టేది. ఏడున్నరకల్లా వరండా పొడుగునా తియ్యటి వాసన వచ్చేది. కొత్తగా చేరిన ప్రతి విద్యార్థీ మొదటిరోజు ఆ వాసన పట్టుకుని లోపలికి తొంగిచూసి, "క్యాంటీన్ ఇదేనా అండీ?" అని అడగడం మామూలే. "ఇదే. కాకపోతే రెక్కలున్నవాళ్ళకే వడ్డిస్తాం," అనేది వంటక్క గరిటె ఆపకుండా. నేనూ అడిగాను, నాకూ అదే జవాబు దొరికింది.

ఆ వంట ఈగలకు. మగ్గిన అరటిపండు చుట్టూ మూగే ఎర్రకళ్ళ బుల్లి ఈగలను మీరు చూసే ఉంటారు. వాటిలో ఏదో ఒక జన్యువు చెడిన రకాలు మా దగ్గర ఆరువందల ముప్పై ఉండేవి. వేలెడు పొడుగు గాజు సీసాలు, అడుగున వంటక్క వండిన మేత, పైన దూది మూత. పదిహేను రోజులకోసారి ప్రతి రకాన్నీ కొత్త సీసాలోకి మార్చాలి. మరిచిపోతే ఆ రకం అంతటితో సరి. పంతొమ్మిదేళ్ళలో వంటక్క ఒక్క రకాన్ని కూడా పోగొట్టలేదు. ఓసారి జ్వరంతో నిలబడలేకపోతే భర్తను వెంటబెట్టుకుని వచ్చి, కుర్చీలో కూర్చుని, ఆయన ఒక్కో సీసా అందిస్తుంటే మార్చిందట. ఆయనకు మూడు వీధుల అవతల కటింగ్ షాపు ఉంది. "నేనక్కడ ఈగలు తోలుకుంటుంటే నువ్విక్కడ వాటిని మేపుతున్నావా? ఇద్దరం కలిసి బాగానే ఉన్నాం," అన్నాడట ఆ రోజు. ఈ మాట ఆవిడే చెప్పి ఆవిడే నవ్వేది.

వంటగది పక్కనే ఈగల గది. కిటికీలు లేవు. ఏడాది పొడుగునా ఒకే వేడి, గోడల నిండా అరలు, అరల నిండా సీసాలు. ఆ గది తాళం వంటక్కది. చదువు ఐదో తరగతితో ఆగిపోయింది కాబట్టి సీసాల మీది ఇంగ్లీషు పేర్లు ఆవిడ చదివేది కాదు, గీసేది. పాత చీటీ పక్కన కొత్త చీటీ పెట్టుకుని, వేలు ఆనించి, ఒక్కో అక్షరాన్నీ బొమ్మ గీసినట్టు దింపి, మళ్ళీ మొదటినుంచి సరిచూసుకునేది. తన వాడుకకు మాత్రం వేరే పేర్లుండేవి. సీసా కదిపితే కాళ్ళు తన్నుకుని పడిపోయేవి "తాగుబోతులు". రెక్కలు మెలితిరిగినవి "వంకర చొక్కాలు". మగవాటికి ఆడవాటి మీద ఆసక్తి లేని ఒక రకం ఉండేది, వాటిని "సన్యాసులు" అనేది. మీటింగుల్లో మేము కూడా అసలు పేర్లు మరిచిపోయి, సన్యాసుల లెక్క ఎంతొచ్చిందని అడుగుతుండేవాళ్ళం.

ఆవిడకొక పట్టుదల ఉండేది. ప్రయోగానికి ఈగ పిల్లలను, అంటే పురుగులను, పెంచాల్సి వచ్చినప్పుడు తల్లి ఈగలను తిన్నగా సీసాలో వేసి గుడ్లు పెట్టించేది కాదు. ద్రాక్షరసం గడ్డకట్టించిన పళ్ళెం మీద పెట్టించేది. తర్వాత తడి కుంచెతో, కళ్ళకు దగ్గరగా పెట్టుకుని, ఒక్కో గుడ్డునూ ఎత్తి సీసాలో దించేది. సీసాకి యాభై. నలభైతొమ్మిది పనికిరాదు, యాభై ఒకటీ పనికిరాదు. ఒక్క ప్రయోగానికి ఇరవై సీసాలంటే వెయ్యి గుడ్లు. పొద్దున కూర్చుంటే మధ్యాహ్నానికి గానీ లేచేది కాదు. ఎందుకక్కా ఈ చాదస్తం అంటే, "నలుగురికి వండి నలభైమందిని కూర్చోబెడతామా?" అనేది. ఈ లెక్క ఏ పుస్తకంలో ఉందో, ఎవరు నేర్పారో ఎవరూ అడగలేదు. నేనైతే అస్సలు అడగలేదు. నా దృష్టిలో అది పనిలేని పని.

ఇక నా సంగతి. నాకు ముక్కు మీద కోపం, కాళ్ళ కింద నిప్పులు. చేరిన వారంలోనే వంటక్క నాకు "తొందరమ్మ" అని పేరు పెట్టింది. నేను పరిశోధన చేయడానికి వచ్చిన విద్యార్థినిని. అక్కడికి ఆవిడ చదవని చదువంతా నేను చదివాననుకునేదాన్ని.

నేను చూసే విషయం చెప్తాను, కష్టమేమీ కాదు. ఈగ గుడ్డులోంచి ముందు చిన్న తెల్ల పురుగు వస్తుంది. నాలుగు రోజులు తిండే తిండి. ఆ నాలుగు రోజుల్లో దాని కండరం వందరెట్లు పెరుగుతుంది. కండరాన్ని కదిలించేది నరం. నరం వచ్చి కండరాన్ని అంటుకునే చోట చిన్న చిన్న పూసలు గుచ్చినట్టు ఉంటుంది. ఆ పూసల్లోంచే నరం మాట కండరానికి చేరుతుంది. కండరం వందరెట్లు పెరిగితే పాత పూసలు చాలవు కదా? అందుకని కండరమే నరానికి కబురు పెడుతుంది: నేను పెరిగాను, నువ్వూ పెరుగు. ఒంట్లో ఏ కణాన్నయినా పెరగమని చెప్పే కబుర్లు కొన్ని ఉంటాయి, అలాంటి ఒక కబురే నరం చివర కొత్త పూసలు పుట్టిస్తుంది. ఆ కబురు మితిమీరకుండా నరంలో ఒక బ్రేకు ఉంటుంది. బ్రేకు జన్యువు చెడిన రకం మా ఈగల గదిలో ఉంది. దాని పురుగులను కోసి, మెరిసే రంగు పట్టించి, మైక్రోస్కోపు కింద పూసలు లెక్కపెట్టడం నా పని.

మొదటి ఏడాది నా పంట పండింది. మామూలు పురుగుకి సగటున తొంభై రెండు పూసలు. బ్రేకు తెగినదానికి నూట అరవై మూడు. ల్యాబు అధిపతిని మేమంతా పెద్దమేడం అనేవాళ్ళం, ఆవిడ పొగడ్తలు చాలా పొదుపుగా వాడేది. అలాంటిది నా లెక్కల పటం చూసి "బాగుంది" అని రెండుసార్లు అంది. నేను నేల మీద నడవడం మానేశాను. ఆ ఏడాది పురుగుల్ని పెంచింది వంటక్క అన్న సంగతి నాకు గుర్తు రాలేదు.

రెండో ఏడాది అదే ప్రయోగం ఇంకా పెద్దగా చేయాలి. గుడ్లు ఏరేదాకా ఆగాలంటే ఓపిక లేదు. "అక్కా, ఇకనుంచి నా పురుగుల్ని నేనే పెంచుకుంటాను," అన్నాను. "మంచిదే. కుంచె ఇవ్వనా?" అంది. "కుంచె ఎందుకు? తల్లుల్ని సీసాలో వేస్తే అవే పెడతాయి," అన్నాను. పాతికమంది తల్లుల్ని ఒక్కో సీసాలో వదిలి, రెండు రోజులు ఉంచి తీసేశాను. నా అర మీద "ముట్టుకోవద్దు" అని కాగితం కూడా అంటించాను. వంటక్క దాన్ని వేలితో అక్షరం అక్షరం చదువుకుని, తల ఊపి వెళ్ళిపోయింది. నాలుగు రోజుల తర్వాత ఒక్కసారి మాత్రం అంది: "తొందరమ్మా, నీ సీసాలు ఇరుకైనట్టున్నాయి." "నా సీసాలు నేను చూసుకుంటాలే అక్కా," అన్నాను.

ఆ ఏడాది లెక్కలు వచ్చాయి. బ్రేకు తెగినవి అరవై అయిదు. మామూలువి అరవై. తేడా లేనట్టే. మళ్ళీ చేశాను, మళ్ళీ అంతే. మూడోసారీ అంతే. రెండేళ్ళ పని కళ్ళముందే ఆవిరైపోతుంటే అన్నం సయించలేదు. తప్పు నాది అయ్యుండొచ్చన్న ఆలోచన మాత్రం చీమంతైనా రాలేదు. ఆడలేనమ్మ మద్దెల ఓటిదందని సామెత ఊరికే పుట్టలేదు. నా మద్దెల వంటక్క.

శుక్రవారం మీటింగులో పెద్దమేడం అడిగింది: "ఎందుకిలా వచ్చింది?"

"స్టాకు కలిసిపోయి ఉంటుంది మేడం," అన్నాను. "సీసాలు మార్చేటప్పుడు మామూలు ఈగలు అందులో పడి ఉంటాయి. లేదా చీటీ తారుమారై ఉంటుంది. ఆవిడ చదువుకోలేదు కదా. అక్షరాలు చూసి గీస్తుంది. ఎక్కడో ఒకచోట తప్పు గీసి ఉంటుంది."

ఈ మాటలు నావే. ఎవరో అన్నట్టు రాసుకోవాలని చాలాసార్లు అనిపించింది. కానీ అన్నది నేనే.

పెద్దమేడం కాసేపు పెన్ను మూత తీస్తూ పెడుతూ కూర్చుంది. "అదే నిజమైతే ఈ ఒక్క రకంతో పోదు. ఆరువందల ముప్పైలో దేన్నీ నమ్మలేం. ఈగల గదికి చదువుకున్న మనిషిని వేసుకోవాలి. ఆవిడ వంట చూసుకుంటుంది," అంది. పెద్దమేడంది కోపం కాదు, ఆవిడ అలాగే ఆలోచిస్తుంది. కానీ పంతొమ్మిదేళ్ళు సాకిన గది ఒక్క వాక్యంలో వంటక్క చేతిలోంచి జారిపోబోతోందని అక్కడున్న అందరికీ అర్థమైంది. వంటక్కను లోపలికి పిలిపించారు.

కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి తలుపు దగ్గర నిలబడింది.

"అమ్మా, ఈ బ్రేకు రకం సీసాల్లో వేరే ఈగలు కలిశాయేమోనని అనుమానం," అంది పెద్దమేడం.

"కలవలేదు మేడం."

"అంత గట్టిగా ఎలా చెప్తున్నారు?"

"నా చేత్తో మారుస్తున్నాను కాబట్టి." అని, ఆవిడ గోడ మీది పటం వైపు చూసింది. అందులో నాలుగు నిలువు పట్టీలున్నాయి, పాత ఏడాదివి రెండు, కొత్తవి రెండు. "ఈ మొదటిదేంటి మేడం?"

"మామూలు ఈగలు. పోయినేడాది లెక్క. తొంభై రెండు."

"ఈ పొట్టిది?"

"అవీ మామూలువే. ఈ ఏడాది. అరవై."

"వాటికి కూడా తగ్గిందే!" అంది వంటక్క. "నా సీసాలో మామూలు ఈగలు పడ్డాయే అనుకుందాం. అప్పుడు బ్రేకు తెగినవాటి లెక్క తగ్గి తొంభై దగ్గర ఆగాలి. మరి మామూలువాటిలో మామూలువి పడితే ఎందుకు తగ్గుతుంది? వాటి చీటీ కూడా నేనే తప్పు గీశానా?"

ఎనిమిదిమంది చదువుకున్నవాళ్ళం నెలరోజులుగా ఆ పటం చూస్తున్నాం. అందరం రెండు పట్టీల మధ్య తేడా పోయిందని ఏడ్చాం గానీ, రెండూ కలిసి కుంగిపోయాయని ఒక్కరమూ చూడలేదు. నాకు తల కొట్టేసినట్టయింది. అయినా తప్పు ఒప్పుకోలేదు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు అన్న రకం నేను.

"అయితే ఎందుకు తగ్గిందంటారు?" అని అడిగింది పెద్దమేడం. ఆవిడ గొంతు మారింది.

"నాకు తోచింది చెప్తే మీరు నమ్మక్కర్లేదు మేడం. చేసి చూద్దాం. పన్నెండు రోజులు టైమివ్వండి. అవే ఈగలు, అవే తల్లులు. సగం సీసాలు నా పద్ధతిలో యాభై గుడ్లతో. సగం తొందరమ్మ పద్ధతిలో. ఏది ఏదో చీటీ మీద రాయొద్దు, చుక్కలు పెడదాం. చుక్కల లెక్క మీ దగ్గర ఉంచుకోండి. కోసేదీ లెక్కపెట్టేదీ తొందరమ్మే. తప్పు నా సీసాల్లో ఉందని తేలితే ఈగల గది తాళం నేనే తెచ్చి మీ బల్ల మీద పెడతాను. తేలకపోతే నన్ను అక్కడినుంచి ఎవరూ కదపకూడదు."

"సరే," అంది పెద్దమేడం.

ఆ పన్నెండు రోజులూ వంటక్కలో బెంగ అనేది చూడలేదు నేను. ఎప్పటిలాగే ఏడింటికి వచ్చింది, మేత వండింది, సీసాల్లో పోసింది, చల్లారబెట్టింది. గుడ్లు ఏరేటప్పుడు పెదవులు కదుపుతూ లెక్కపెట్టుకుంది. మధ్యలో ఎవరైనా పలకరిస్తే కుంచె ఎత్తి ఆగమనేది, యాభై అయ్యాక గానీ జవాబు చెప్పేది కాదు. బెంగంతా నాదే. ఆవిడ గెలిస్తే నేను అబద్ధాలకోరునవుతాను, ఓడితే ఆవిడ గది పోతుంది. రెండింట్లో ఏది కోరుకోవాలో తెలియక సీసాల చుట్టూ కాలు కాలిన పిల్లిలా తిరిగాను.

ఎనిమిదో రోజున ఆవిడ భర్త వచ్చాడు. సన్నటి మనిషి, జేబులో దువ్వెన, చేతిలో ఆవిడ మరిచిపోయిన టిఫిన్ క్యారియర్. ఆవిడ ఈగల గదిలో ఉందంటే వరండాలో బల్ల మీద కూర్చున్నాడు. నన్ను చూసి కాస్త జరిగాడు.

"మీరు ఇక్కడ చదువుకునే అమ్మాయా?"

"అవునండీ."

"మా ఆవిడ గురించి ఎవరో ఏదో అన్నారంట కదమ్మా. ఇంట్లో ఒక్క ముక్క చెప్పదు. నాలుగు రోజులనుంచి కూర గరిటెతో కలుపుతూ కూడా ఏదో లెక్కపెట్టుకుంటోంది. అంత మాట ఎవరన్నారు? మీకేమైనా తెలుసా?"

"తెలియదండీ," అన్నాను.

"తెలిస్తే చెప్పండి. నేనేం గొడవ చేయను. షాపుకొస్తే మాత్రం గుండు గీసి పంపుతాను," అని నవ్వాడు. ఆ నవ్వుకి నాకు భూమిలోకి దూరిపోవాలనిపించింది. నిజం చెప్పాలంటే, నా తప్పు నాకు అప్పుడు తెలిసింది. లెక్కలు రాకముందే తెలిసింది.

ఎందుకంటే అప్పటికే సీసాలు చూస్తున్నాను కదా. చుక్కలు పెట్టి దాచినా కళ్ళకు దాగదు. కొన్ని సీసాల్లో మేత గట్టిగా, పైన పురుగులు అక్కడక్కడా, బొద్దుగా. కొన్ని సీసాల్లో మేత అడుసైపోయి, పురుగులు ఒకదాని మీద ఒకటి ఎక్కి, తోకలు మాత్రం పైకి పెట్టి ఊపిరి పీలుస్తున్నాయి. ఈ రెండో రకం సీసాలే రెండో ఏడాదంతా నా అరలో ఉన్నవి. తలుపు దగ్గర నిలబడి వాసన చూసే వంటక్క చెప్పింది ఇరుకైందని. దగ్గర కూర్చుని మైక్రోస్కోపులో చూసిన నాకు కనబడలేదు.

తిండి చాలించి సీసా గోడ ఎక్కిన పురుగులను ఎక్కినట్టు కోశాను. వెల్లకిలా పడుకోబెట్టి, తలకూ తోకకూ సన్నటి సూదులు గుచ్చి, పొట్ట చీల్చి, పేగులు తీసి పరిచాను. చుక్కలను బట్టి పూసల లెక్కలు నాలుగు వరసలుగా రాసి పెద్దమేడం చేతికిచ్చాను. శుక్రవారం ఆవిడ తన దగ్గరున్న కాగితం విప్పి చదివింది. యాభై గుడ్ల సీసాల్లో మామూలువి తొంభై ఒకటి. అలాంటి సీసాల్లోనే బ్రేకు తెగినవి నూట యాభై తొమ్మిది. ఇరుకు సీసాల్లో మామూలువి అరవై రెండు. బ్రేకు తెగినవి అరవై ఆరు.

స్టాకు మచ్చలేకుండా ఉంది. ఆకలి సంగతే మేం మరిచిపోయాం. కడుపులో తిండి పడితే ఒంట్లో ఇంకో కబురు బయలుదేరుతుంది, ఇన్సులిన్ లాంటిది: తిండి ఉంది, అందరూ పెరగండి అని. ఆ కబురు లేనిదే కండరం పెరగదు. కండరం పెరగకపోతే నరానికి నువ్వూ పెరుగు అని చెప్పేవాళ్ళుండరు. పెద్దమేడం దీన్ని పది నిమిషాలు బొమ్మలు గీసి వివరించింది. వెనకనుంచి వంటక్క, "అంటే బండికి బ్రేకు తెగినా ట్యాంకులో పెట్రోలు లేకపోతే ఎక్కడికి పోతుందని," అంది. పెద్దమేడం బొమ్మలు చెరిపేసి, "అంతే," అంది.

నేను లేచి నిలబడ్డాను. "సీసాలు ఇరుకు చేసింది నేను. ఆవిడ ముందే చెప్పింది, నేను వినలేదు. చదువుకోలేదు కాబట్టి చీటీ తప్పు గీసి ఉంటుందని ఈ గదిలో అన్నదీ నేనే," అన్నాను. తర్వాత వంటక్క వైపు తిరిగి, "తప్పైంది అక్కా. ఆ మాట మీ వెనకాల అన్నాను," అన్నాను.

"వెనకాల ఎక్కడ? వంటగదికీ ఈ గదికీ మధ్య ఉన్నది చెక్క గోడే. ఆ రోజే విన్నాను," అంది.

విని కూడా పన్నెండు రోజులు నాతో ఎప్పటిలాగే మాట్లాడింది, నా సీసాలకి మేత పోసింది, పొద్దున్నే టీ తాగావా అని అడిగింది. నాకు ఏడుపొచ్చింది, ఆపుకోలేదు.

"ఈగల గది మీదేనమ్మా, ఇక ఆ మాటే లేదు," అంది పెద్దమేడం. "ఇక్కడ పురుగులు పెంచేవాళ్ళందరూ ఇకనుంచి మీ దగ్గర గుడ్లు లెక్కపెట్టడం నేర్చుకున్నాకే మొదలుపెడతారు. మీకింకేమైనా కావాలా?"

వంటక్క వెంటనే వెళ్ళిపోలేదు. గోడ మీది పటంలో పొట్టి పట్టీల వైపు చూస్తూ నిలబడింది.

"ఒకటి అడగనా మేడం? ఇరుకులో పుట్టిన పురుగుని మధ్యలో తీసి మంచి సీసాలో వేస్తే పూసలు మళ్ళీ వస్తాయా? పోయినవి పోయినట్టేనా?"

పెద్దమేడం పెన్ను మూత పెట్టడం ఆపేసింది. "నాకు తెలియదు," అంది. ఆ మాట ఆవిడ నోట నేను వినడం అదే మొదటిసారి.

"తెలియకపోతే చూద్దాం. సీసాలు నేను సిద్ధం చేస్తాను," అంది వంటక్క.

అలా మొదలైంది అసలు పని. ఇరుకు సీసాల్లోంచి బ్రేకు తెగిన పురుగులను రెండో రోజున కొన్ని, మూడో రోజున కొన్ని, గోడ ఎక్కడానికి ఒక్క రోజు ముందు కొన్ని తీసి, కడిగి, కొత్త మేతలో వేయాలి. రెండో రోజు పురుగు దారప్పోగంత ఉంటుంది. నా చేతుల్లో పది ఎత్తితే మూడు చచ్చేవి. వంటక్క చేతిలో ఒక్కటీ చావలేదు. పక్కపక్కన కూర్చుని ఎత్తుతున్నాం. ఇప్పుడు నా చేతిలోనూ ఒక కుంచె ఉంది, ఇప్పుడు నేనూ పెదవులు కదుపుతున్నాను.

"ఆ రోజు ఆ ప్రశ్న మీకెలా తట్టింది అక్కా?" అని అడిగాను.

యాభై అయ్యేదాకా చెయ్యెత్తి ఆపింది. తర్వాత సీసాకి దూది పెట్టి చెప్పింది.

"మేం తొమ్మిదిమందిమి. నేను ఏడోదాన్ని. గిన్నె నా దాకా వచ్చేసరికి అడుగు కనబడేది. బడిలో మధ్యాహ్నం అయ్యేసరికి కళ్ళు మూతలు పడేవి. మాస్టారు లెక్క అడిగితే నోట మాట వచ్చేది కాదు. 'మొద్దు' అని చివరి బెంచీకి పంపించాడు. మూడేళ్ళు అక్కడే కూర్చున్నాను. ఇంటికెళ్ళి మా అమ్మతో చెప్తే, మొక్కై వంగనిది మానై వంగుతుందా, నీకు చదువు రాదులే అంది. పాపం, ఆవిడ మాత్రం ఏం చేస్తుంది? నేనూ నమ్మాను. నేను మొద్దునని పెళ్ళయ్యేదాకా నమ్మాను."

"తర్వాత?"

"తర్వాతేముంది, ఈయన ఇంట్లో రెండు పూటలా కడుపునిండా తిన్నాను. ఒకరోజు షాపులో ఆయనకంటే ముందు నేను లెక్క చెప్పాను. ఆయన కత్తెర పక్కన పెట్టి నన్ను అలా చూశాడు. నేనూ నన్ను అలాగే చూసుకున్నాను." నవ్వింది. "పిల్లపురుగుల సంగతి మనిషికి వర్తిస్తుందో లేదో నాకు తెలియదమ్మా. కానీ వాటి సంగతి తేల్చుకుందాం అనిపించింది."

మనుషులకు వర్తిస్తుందని నేనూ చెప్పలేను, పురుగులు కోసేదాన్ని. కానీ ఆ తర్వాత మూడు వారాలు చేసినంత శ్రద్ధగా నేను ఎన్నడూ ఏ పనీ చేయలేదు. ఈసారి తొందరపడలేదు. ప్రతి పురుగునూ రెండుసార్లు లెక్కపెట్టాను, ఏది ఏ రోజున మార్చినదో తెలియకుండా. ఆఖరి లెక్క ముగిసిన రోజు పొద్దున పదింటికి కాగితం తీసుకుని వంటగదిలోకి వెళ్ళాను. ఆవిడ డెకిసా తోముతోంది.

"చదువు," అంది.

"గోడ ఎక్కడానికి ఒక్క రోజు ముందు మార్చినవి డెబ్బై. చివరిదాకా ఇరుకులోనే ఉన్నవాటికంటే కాస్త ఎక్కువ, అంతే."

"ఆలస్యం చేస్తే అంతే మరి. తర్వాత?"

"మూడో రోజున మార్చినవి నూట పద్దెనిమిది."

కుళాయి కట్టేసింది.

"రెండో రోజున మార్చినవి నూట యాభై ఒకటి. పుట్టినప్పటినుంచీ తిన్నవాటికీ వీటికీ తేడా లేనట్టే అక్కా. మొత్తం తిరిగొచ్చేశాయి."

తడిచేత్తోనే కాగితం లాక్కుంది. నూట యాభై ఒకటి మీద వేలు పెట్టి, ఒక్కో అంకెనూ మెల్లగా చదువుకుంది. కాగితం తడిసి అంకె కాస్త అలుక్కుపోయింది.

"ఇది మా మాస్టారికి చూపించాలి," అంది.

"ఆయన ఇంకా ఉన్నారా అక్కా?"

"ఎప్పుడో పోయాడు," అంది వంటక్క, కాగితం వదలకుండా. "అయినా సరే, చూపించాలి."